స్పిన్‌లోంచి బయటపడటం నేర్పుతాం, కానీ అసలు పాఠం అది కాదు

పోయిన ఎపిసోడ్‌లో ల్యాండింగ్ గురించి మాట్లాడుకున్నాం. అది చూశాక చాలామంది ఒకే ప్రశ్న అడిగారు. "అక్కా, సినిమాల్లో విమానం గిరగిరా తిరుగుతూ కింద పడిపోతుంది కదా, నిజంగా అలా జరుగుతుందా? జరిగితే పైలట్ ఏం చేయాలి?"

నిజంగానే జరుగుతుంది. దాని పేరు స్పిన్. ఇంకో సంగతి ఏంటంటే, మేం దాన్ని కావాలని కూడా చేస్తాం. స్టూడెంట్‌ని పక్కన కూర్చోబెట్టుకుని, బాగా ఎత్తుకి తీసుకెళ్లి, విమానాన్ని మా చేతులతో మేమే స్పిన్‌లో పడేసి, మళ్లీ బయటికి తీస్తాం. ఎందుకు నేర్పుతాం, ఎలా నేర్పుతాం, నేర్పడంలో నేను చేసిన ఒక పెద్ద పొరపాటు ఏంటి, ఈ రోజు అన్నీ చెప్తాను.

కొత్తగా చూస్తున్నవాళ్ల కోసం, మాది గుంటూరు. అమెరికాలో, ఆరిజోనాలో చిన్న విమానాల మీద ఇన్‌స్ట్రక్టర్‌గా పని చేస్తున్నాను. మన ఆంధ్ర, తెలంగాణ నుంచి వచ్చే పిల్లలు కూడా నా దగ్గర నేర్చుకుంటారు.

మొదలుపెట్టే ముందు ఒక్క హెచ్చరిక. పైలట్ ట్రైనింగ్‌లో ఉన్నవాళ్లు ఎవరైనా ఇది వింటుంటే, దయచేసి దీన్ని నమ్ముకుని ఒంటరిగా ప్రయత్నించకండి. స్పిన్‌కి అనుమతి ఉన్న విమానం కావాలి, పక్కన అది తెలిసిన ఇన్‌స్ట్రక్టర్ కావాలి. ఈ రెండూ లేకపోతే వద్దు.

ముందు స్టాల్ అంటే ఏంటి?

స్టాల్ అనగానే చాలామంది ఇంజిన్ ఆగిపోవడం అనుకుంటారు. కాదు. ఇంజిన్ బ్రహ్మాండంగా తిరుగుతున్నా రెక్క స్టాల్ అవ్వచ్చు.

చిన్నప్పుడు బస్సులో కిటికీలోంచి చెయ్యి బయట పెట్టి అమ్మ చేత తిట్లు తిన్నారు కదా? అదే గుర్తు తెచ్చుకోండి. అరచెయ్యి నేలకి సమానంగా పెట్టి, ముందు అంచు కొంచెం పైకి లేపితే గాలి చేతిని పైకి తోస్తుంది. ఇంకొంచెం లేపితే ఇంకొంచెం తోస్తుంది. మరీ నిలువుగా లేపేస్తే మాత్రం పైకి లేవడం ఆగిపోయి, చెయ్యి వెనక్కి కొట్టుకుంటుంది. రెక్క కూడా దాదాపు అంతే. ఎదురొచ్చే గాలికీ రెక్కకీ మధ్య ఉండే కోణాన్ని యాంగిల్ ఆఫ్ అటాక్ అంటాం. చిన్న విమానాల్లో అది సుమారు 15 నుంచి 18 డిగ్రీలు దాటితే, రెక్క పై భాగాన్ని అంటుకుని పారాల్సిన గాలి విడిపోతుంది. మోసే శక్తి ఒక్కసారిగా పడిపోతుంది. అదే స్టాల్.

ఆ కోణాన్ని పెంచేది ఎవరు? పైలటే. యోక్‌ని, అంటే చేతిలో ఉండే స్టీరింగ్ లాంటిదాన్ని, వెనక్కి లాగినకొద్దీ కోణం పెరుగుతుంది. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

స్టాల్ స్పిన్‌గా ఎలా మారుతుంది?

రెండు రెక్కలూ ఒకేలా స్టాల్ అయితే ముక్కు కిందకి వాలుతుంది. లాగడం ఆపితే చాలు, విమానం మళ్లీ ఎగురుతుంది. పెద్ద భయం లేదు.

కానీ సరిగ్గా ఆ సమయంలో ముక్కు పక్కకి తిరుగుతూ ఉంటే కథ వేరు. దాన్ని యా అంటాం. అప్పుడు ఒక రెక్క రెండో దానికంటే ఎక్కువగా స్టాల్ అవుతుంది. ఎడమ రెక్క అనుకోండి. అది కిందకి పడుతుంది. పడుతున్నకొద్దీ గాలి దాన్ని కింద నుంచి తగులుతుంది కాబట్టి కోణం ఇంకా పెరుగుతుంది, మోసే శక్తి ఇంకా తగ్గుతుంది, గాలి దాన్ని వెనక్కి లాగుతుంది. కుడి రెక్క ఇంకా కాస్త మోస్తూనే ఉంటుంది. అంతే, విమానం ఎడమ వైపు తనంతట తానే తిరగడం మొదలుపెడుతుంది. మనం ఏమీ చేయకపోయినా చాలా విమానాల్లో అది తిరుగుతూనే ఉంటుంది.

ఎఫ్‌ఏఏ, అంటే ఇక్కడి విమానయాన సంస్థ, తన పుస్తకంలో చెప్పే లెక్క ప్రకారం చిన్న విమానం పూర్తి స్పిన్‌లో ఒక్కో చుట్టుకి సుమారు 3 సెకన్లు తీసుకుంటుంది, 500 అడుగులు పోగొట్టుకుంటుంది. "మూడు సెకన్లు" అని చెప్పే లోపు ఒక పెద్ద భవనమంత ఎత్తు పోయినట్టే.

ఇక్కడ మన ఒళ్లే మనకి శత్రువు. ముక్కు నేల వైపు ఉంది, ముందు అద్దం నిండా నేల తిరుగుతోంది. చేతులు ఏం చేస్తాయి? యోక్‌ని వెనక్కి లాగుతాయి. లాగితే కోణం తగ్గదు, రెక్క స్టాల్‌లోనే ఉంటుంది. ఇంకోటి, ఎడమకి ఒరిగిందని యోక్‌ని కుడికి తిప్పాలనిపిస్తుంది. అలా తిప్పితే పడిపోయిన రెక్క చివర ఉండే ఏలెరాన్ కిందకి దిగుతుంది, ఆ రెక్కకే కోణం ఇంకా పెరుగుతుంది. అంటే సాయం చేద్దామని పోయి ఇంకా ముంచుతాం. ఎవరికైనా సహజంగా అనిపించే రెండు పనులూ తప్పే. అందుకే దీన్ని పుస్తకంలో చదివి వదిలేస్తే సరిపోదు అంటారు.

మొదట్లో ఎలా తెలుసుకున్నారు?

తొలి రోజుల్లో స్పిన్‌లో పడితే ఇక అంతే అనుకునేవాళ్లు. 1912 ఆగస్టు 25న ఇంగ్లండ్‌లో, సాలిస్బరీ మైదానంలో, విల్ఫ్రెడ్ పార్క్ అనే నేవీ అధికారి ఒక ఆవ్రో విమానాన్ని దింపుతూ సుమారు 700 అడుగుల ఎత్తులో స్పిన్‌లో పడ్డాడు. థ్రాటిల్ పెంచాడు, స్టిక్ వెనక్కి లాగాడు. లాభం లేదు. చివరికి దారి లేక, విమానం తిరుగుతున్న దిక్కుకి వ్యతిరేకంగా రడ్డర్‌ని పూర్తిగా తొక్కాడు. తిరగడం ఆగింది. అప్పటికి నేల సుమారు 50 అడుగుల దూరంలో ఉంది. బతికి దిగి, ఏం చేశాడో అందరికీ చెప్పాడు. పైలట్లు దాన్ని పార్క్స్ డైవ్ అని పిలుచుకున్నారు.

తర్వాత మొదటి ప్రపంచ యుద్ధంలో, 1917లో, రాబర్ట్ స్మిత్-బ్యారీ అనే ఆయన గోస్పోర్ట్ అనే ఊళ్లో ట్రైనింగ్ పద్ధతినే మార్చేశాడు. ప్రమాదం నుంచి స్టూడెంట్‌ని దూరంగా ఉంచడం కాదు, పక్కన ఇన్‌స్ట్రక్టర్ ఉండగా కావాలని ప్రమాదంలోకి తీసుకెళ్లి బయటికి రావడం నేర్పాలి అన్నాడు. ఆవ్రో 504 విమానాల్లో ఇద్దరికీ కంట్రోల్స్ పెట్టి స్పిన్‌లు కూడా నేర్పించాడు. మేం ఇప్పటికీ చేసేది ఆ పద్ధతే.

మన దగ్గర కూడా ఇది చిన్న విషయం కాదు. హైదరాబాద్ పక్కన దుండిగల్‌లో ఎయిర్ ఫోర్స్ అకాడమీ ఉంది కదా, అక్కడ పిలాటస్ పీసీ-7 విమానాల మీద కేడెట్లు నేర్చుకుంటారు. మిలిటరీ ట్రైనింగ్‌లో విమానం స్పిన్ చేయగలగడం ముఖ్యమైన విషయం. హెచ్‌ఏఎల్ తయారు చేసిన హెచ్‌జేటీ-36 జెట్ ట్రైనర్ ఏళ్ల తరబడి ఆగిపోవడానికి పెద్ద కారణం స్పిన్ సమస్యే. తోక భాగాన్ని మార్చి, 2019లో మళ్లీ ఎగరేసి, 2022 జనవరిలో రెండు వైపులా ఆరేసి చుట్ల స్పిన్ చేసి చూపించారు.

పైకి వెళ్లే ముందు

నేను స్పిన్ నేర్పేది ఎక్కువగా సెస్నా 172 లో. దానికి స్పిన్ అనుమతి ఉంది, కానీ ఎలా పడితే అలా కాదు. యుటిలిటీ కేటగిరీ అని ఒక పరిమితి ఉంటుంది. బరువు తక్కువ ఉండాలి, వెనక సీట్లు ఖాళీ, సామాను పెట్టే చోటు ఖాళీ. ఎందుకంటే బరువు వెనక్కి పోయేకొద్దీ స్పిన్ బల్లపరుపుగా మారి, బయటికి రావడం కష్టమవుతుంది. అందుకే కాగితం మీద బరువు లెక్క వేయకుండా విమానం దగ్గరికి కూడా వెళ్లం. ఫ్లాప్స్ దించి స్పిన్ చేయడం నిషేధం. అన్ని విమానాలకీ ఈ అనుమతి ఉండదు. ఉదాహరణకి సిర్రస్‌లో కావాలని స్పిన్ చేయకూడదు, పొరపాటున పడితే విమానానికే ఉన్న ప్యారాచూట్ లాగాలి.

తర్వాత జేబులు ఖాళీ చేయిస్తాను. ఫోన్, తాళాలు, పెన్ను, వాటర్ బాటిల్, అన్నీ. "అక్కా, ఒక్క రీల్ తీసుకుంటా" అని ప్రతి బ్యాచ్‌లో ఒకళ్లు అడుగుతారు. వద్దు నాన్నా. ఆ ఫోన్ చేతిలోంచి జారి రడ్డర్ పెడల్ కిందకి పోతే, మనల్ని బయటికి తీయాల్సిన పెడల్ అడ్డుకుపోతుంది.

ఎత్తు సంగతి. సెస్నా పుస్తకం ప్రకారం ఒక్క చుట్టు స్పిన్‌కీ బయటికి రావడానికీ కలిపి కనీసం 1,000 అడుగులు పోతాయని లెక్క వేసుకోవాలి. ఆరు చుట్లకైతే దానికి రెట్టింపు కంటే కొంచెం ఎక్కువ. ఆరు చుట్లు చేయాలంటే నేల నుంచి 6,000 అడుగుల ఎత్తులో మొదలుపెట్టమని చెప్తుంది. నేను ఒకటి రెండు చుట్లకే 6,000 పైకి వెళ్తాను. ఎత్తు అనేది మా బ్యాంక్ బ్యాలెన్స్. ముందే వేసుకోవాలి, అవసరం పడ్డాక అప్పు దొరకదు.

చివరగా, కంట్రోల్ ఎవరి చేతిలో ఉందన్నది. నేను "మై కంట్రోల్" అన్న క్షణం స్టూడెంట్ చేతులు ఒళ్లో ఉండాలి, కాళ్లు పెడల్స్ మీద నుంచి తీసేయాలి. నేల మీదే పదిసార్లు ప్రాక్టీస్ చేయిస్తాను. భయపడిన మనిషి యోక్‌ని పట్టుకుంటే వదిలించడం ఎంత కష్టమో నాకు తెలుసు.

పైన ఏం జరుగుతుంది?

చుట్టూ, ముఖ్యంగా కింద, వేరే విమానాలు లేవని తిరిగి చూసుకుంటాం. థ్రాటిల్ పూర్తిగా తగ్గిస్తాం. ముక్కు ఎత్తి ఉంచుతాం, స్పీడ్ తగ్గుతూ వస్తుంది, స్టాల్ వార్నింగ్ పీపీ మని కూస్తుంది. స్టాల్ అవ్వబోతుండగా యోక్ పూర్తిగా వెనక్కి, ఎడమ రడ్డర్ పూర్తిగా. ఎడమ రెక్క జారుతుంది, విమానం దాదాపు బోర్లా పడినట్టు అనిపిస్తుంది, తర్వాత నేల తిరగడం మొదలవుతుంది. నేను కింద కనిపించే ఒక రోడ్డుని గుర్తుగా పెట్టుకుని చుట్లు లెక్కపెట్టమంటాను. లెక్కపెట్టే మనిషి బుర్ర పని చేస్తూ ఉంటుంది.

బయటికి రావడానికి ఇంగ్లీష్‌లో పీఏఆర్ఈ, పేర్, అని ఒక గుర్తు ఉంది. మన పిల్లలకి నేను "పేరు గుర్తుందా?" అని అడుగుతాను, మర్చిపోరు.

పవర్ ఐడిల్. థ్రాటిల్ పూర్తిగా తగ్గించు.

ఏలెరాన్స్ న్యూట్రల్. యోక్‌ని అటూ ఇటూ తిప్పకుండా మధ్యలో పెట్టు.

రడ్డర్, తిరుగుతున్న దిక్కుకి వ్యతిరేకంగా, పూర్తిగా. ఎటు తిరుగుతున్నామో తెలియకపోతే టర్న్ కోఆర్డినేటర్‌లో ఉండే చిన్న విమానం బొమ్మని చూడు. దాని కింద ఉండే బంతిని నమ్మొద్దు.

ఎలివేటర్ ముందుకి. యోక్‌ని గట్టిగా ముందుకి తోసి స్టాల్‌ని విరగ్గొట్టు.

తిరగడం ఆగేదాకా అలాగే పట్టుకోవాలి. ఆగగానే రడ్డర్ మధ్యలోకి. లేదంటే రెండో వైపు స్పిన్ మొదలవ్వచ్చు. ఆ తర్వాత డైవ్‌లోంచి నెమ్మదిగా లేపాలి, గాభరాగా లాగితే మళ్లీ స్టాల్.

ఇంకో జాగ్రత్త. సెస్నా 172 కొన్నిసార్లు తనే స్పిన్ వదిలేసి స్పైరల్‌లోకి మారుతుంది. చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి. స్పీడ్ మీటర్ చూడాలి. స్పీడ్ తక్కువగా, దాదాపు ఒకే చోట ఉంటే స్పిన్. గబగబా పెరుగుతుంటే స్పైరల్. స్పైరల్‌లో రెక్కలు స్టాల్‌లో లేవు కాబట్టి మందు వేరు: థ్రాటిల్ తగ్గించు, రెక్కలు సమం చెయ్యి, తర్వాత మెల్లగా ముక్కు లేపు.

మొదటిసారి కొందరు అరుస్తారు, కొందరు నవ్వుతారు, కొందరికి వాంతి వస్తుంది. వచ్చినవాళ్లని ఇంకోటి చేద్దామని బలవంతం చేయను. కడుపులో తిప్పుతుంటే బుర్రకి ఏదీ ఎక్కదు.

నా పొరపాటు

ఇప్పుడు అసలు విషయం. నేను కొత్తగా ఇన్‌స్ట్రక్టర్ అయిన రోజుల్లో వరంగల్ నుంచి వచ్చిన ఒక కుర్రాడు నా దగ్గర ఉండేవాడు. చాలా చురుకైనవాడు. ఒకే రోజు నాలుగు స్పిన్‌లు చేశాడు, నాలుగూ చక్కగా బయటికి తీశాడు. నేను కూడా తెగ సంబరపడ్డాను.

పది రోజుల తర్వాత మామూలు ల్యాండింగ్ ప్రాక్టీస్. రన్‌వేకి అడ్డంగా వచ్చే దారిని బేస్ అంటాం, అక్కడి నుంచి తిరిగి రన్‌వేకి ఎదురుగా వచ్చేది ఫైనల్. ఆ రోజు గాలి వెనక నుంచి తోస్తోంది, అబ్బాయి తిరగడం ఆలస్యం చేశాడు, రన్‌వే గీత దాటి అవతలికి పోతున్నాం. ఎత్తు సుమారు 500 అడుగులు. తక్కువ ఎత్తులో ఎక్కువగా ఒరగొద్దని నేనే చెప్పి ఉన్నాను. అందుకని ఒరగకుండా, ముక్కుని త్వరగా తిప్పడానికి ఎడమ రడ్డర్ తొక్కాడు. దాంతో విమానం ఇంకా ఒరగబోయింది, ఆపడానికి యోక్‌ని కుడికి తిప్పాడు. ముక్కు కిందకి జారింది, వెనక్కి లాగాడు.

ఎడమ రడ్డర్, కుడి ఏలెరాన్, వెనక్కి లాగిన యోక్. పది రోజుల కింద 6,000 అడుగుల్లో నేను నేర్పిన స్పిన్‌లోకి వెళ్లే దారికి ఇది తోబుట్టువు. అబ్బాయికి మాత్రం అది స్పిన్‌లా కనిపించలేదు. ల్యాండింగ్ కోసం కాస్త సర్దుకుంటున్నట్టు అనిపించింది.

స్టాల్ వార్నింగ్ సన్నగా కూయడం మొదలవ్వగానే "మై కంట్రోల్" అన్నాను. ముక్కు దించి, రడ్డర్ సరిచేసి, ఫుల్ పవర్ ఇచ్చి గో అరౌండ్ చేశాను. దిగాక నా చేతులు వణుకుతున్నాయి. వాడు నా మొహం చూసి అమాయకంగా అడిగాడు, "ఏమైందక్కా? ఒకవేళ స్పిన్ అయినా నాకు వచ్చు కదా?"

ఆ మాట ఇప్పటికీ చెవుల్లో ఉంది. 500 అడుగుల్లో స్పిన్ అయితే పార్క్‌లాగా అదృష్టం ఉండాలి. బయటికి రావడానికి 1,000 అడుగులు కావాలి, మా దగ్గర సగమే ఉంది. వాడికి నాలుగుసార్లు బయటపడటం నేర్పి, లేని ధైర్యం ఇచ్చాను. లోపలికి వెళ్లే దారి ఎలా ఉంటుందో మాత్రం చూపించలేదు. తప్పు వాడిది కాదు, నాది.

నిజానికి ఈ వాదన పాతదే. అమెరికాలో 1949లో ప్రైవేట్ పైలట్‌కి స్పిన్ తప్పనిసరి అన్న నియమాన్ని తీసేశారు. స్పిన్‌లో పడి బయటపడటం కంటే, స్టాల్‌నే ముందుగా గుర్తుపట్టి ఆపడం నేర్పాలి అన్నది వాళ్ల ఆలోచన. ఇన్‌స్ట్రక్టర్ అవ్వాలనుకునేవాళ్లకి మాత్రం స్పిన్ ట్రైనింగ్ ఇప్పటికీ తప్పనిసరి. స్పిన్ నేర్పాలనేవాళ్లు, ఒకసారి చూడనివాడు దాన్ని ఎలా గుర్తుపడతాడు అంటారు. నాకు రెండు వైపులా న్యాయం కనిపిస్తుంది. నేర్పాలి, కానీ దేని కోసం నేర్పుతున్నామో తెలిసి నేర్పాలి.

ఇప్పుడు ఎలా నేర్పుతున్నాను?

మొదటి పాఠంలో పూర్తి స్పిన్ లేదు. స్టాల్ అంచున విమానాన్ని పట్టుకుని, రెక్క జారబోతుంటే రడ్డర్‌తో ఆపడం. తర్వాత స్పిన్ మొదలైన క్షణంలోనే, అర చుట్టు కాకముందే ఆపడం. ఆ తర్వాతే ఒక చుట్టు.

చివరి పాఠం నాకు అన్నిటికంటే ముఖ్యం. 5,000 అడుగుల దగ్గర నేల ఉందనుకోమంటాను. కింద కనిపించే ఒక నిటారు రోడ్డు రన్‌వే. ఫ్లాప్స్ లేకుండా, పైనే బేస్ ఎగరమంటాను, 5,500 అడుగుల్లో ఫైనల్‌కి తిరగమంటాను. "గీత దాటిపోయావు, రడ్డర్‌తో తిప్పు, ఒరగనివ్వకు, ముక్కు పడనివ్వకు" అని నేనే వాళ్లని ఆ తప్పులోకి తీసుకెళ్తాను. లోపలి వైపు రెక్క ఒక్కసారిగా జారుతుంది, విమానం బోర్లా పడినట్టు తిరుగుతుంది. వాళ్లు పేరు తలుచుకుని చక్కగా బయటికి తీస్తారు. అప్పుడు ఒక్కటే అడుగుతాను. "ఆల్టిమీటర్ ఎంత చూపిస్తోంది?"

4,500 అంటారు. ఒక్కోసారి ఇంకా తక్కువ. "మరి నేల ఎక్కడుంది?"

ఎవరూ మాట్లాడరు. లెక్క వాళ్లకే అర్థమవుతుంది. రికవరీ బాగానే చేశారు, కానీ నేలకి 500 అడుగుల కింద చేశారు.

తిరిగి వచ్చేటప్పుడు చెప్పేది రెండే మాటలు. ఫైనల్ గీత దాటిపోతే రడ్డర్‌తో లాక్కురావొద్దు, బంతి మధ్యలో ఉండేలా తిరుగు. అలా సరిపోకపోతే పవర్ ఇచ్చి గో అరౌండ్ చెయ్యి, ఇంకో రౌండ్ తిరిగొస్తే పోయేది ఐదు నిమిషాల పెట్రోలే. గో అరౌండ్ చేసినందుకు నా దగ్గర ఎవరికీ మార్కులు తగ్గవు.

ఆ వరంగల్ కుర్రాడికి కూడా ఈ పాఠం తర్వాత చేయించాను. కొన్ని వారాలకి, వాడు ఒంటరిగా ఎగురుతున్న రోజు, నేను కింద నిలబడి చూస్తున్నాను. అదే రన్‌వే, గీత దాటాడు. నా గుండె ఆగినంత పనైంది. ఇంజిన్ శబ్దం పెరిగింది, ముక్కు నిటారుగా ముందుకే పెట్టి పైకి వెళ్లిపోయాడు. ఇంకో రౌండ్ తిరిగొచ్చి దిగాడు. "సారీ అక్కా, లేట్ అయింది" అన్నాడు. నేను ఏమీ అనలేదు, టీ తాగుదాం రా అన్నాను.

సరే అండి, ఈ రోజుకి ఇంతే. మీ ఫ్రెండ్స్‌లో ఎవరైనా పైలట్ ట్రైనింగ్‌లో ఉంటే ఇది వాళ్లకి పంపండి. వాళ్ల ఇన్‌స్ట్రక్టర్‌ని "నేను గీత దాటిపోతే ఏం చేయాలి?" అని అడగమనండి. వచ్చే ఎపిసోడ్‌లో గో అరౌండ్ గురించే పూర్తిగా మాట్లాడుకుందాం. ఉంటాను మరి, బై.